ఆస్టిన్‌లోని జాన్సన్ లైబ్రరీని ఎలా చూడాలి

అధ్యక్షుడిగా పనిచేసినవారి కాగితాలు, ఉత్తరాలు, ఫొటోలు, బహుమతులు ఒకచోట భద్రపరచి, పక్కనే మ్యూజియం పెట్టి, ఏడాది పొడవునా ఉపన్యాసాలూ చర్చలూ నడిపే పద్ధతి అమెరికాలో ఉంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1939లో దీనికి శ్రీకారం చుట్టారు. 1955లో దీనికోసం చట్టమే వచ్చింది. నేషనల్ ఆర్కైవ్స్ అనే ప్రభుత్వ సంస్థ ఈ ప్రెసిడెన్షియల్ లైబ్రరీలను నడుపుతుంది. ఒక్క టెక్సాస్‌లోనే మూడున్నాయి. ఆస్టిన్‌లో, 1963 నుంచి 1969 దాకా అధ్యక్షుడిగా ఉన్న లిండన్ జాన్సన్‌ది, కాలేజ్ స్టేషన్‌లో పెద్ద బుష్‌ది, డాలస్‌లో చిన్న బుష్‌ది.

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనవాళ్లు గుడికి తీసుకెళ్తారు, నాసా చూపిస్తారు, నయాగరాకు టికెట్లు కొంటారు. ఈ లైబ్రరీలు మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండవు. కనీసం జాన్సన్ లైబ్రరీ ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. 1946 చట్టం ప్రకారం భారతీయులకు అమెరికా ఇచ్చిన వలస కోటా ఏడాదికి కేవలం 100 మందికి. పుట్టిన దేశాన్నిబట్టి కోటాలు కట్టే ఆ విధానాన్ని రద్దు చేసిన చట్టంపై 1965 అక్టోబర్ 3న, న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర సంతకం చేసినది జాన్సన్. ఆ రోజు ప్రసంగంలో ఆయన, ఇది విప్లవాత్మకమైన బిల్లేమీ కాదనీ, లక్షల మంది జీవితాలను తాకేది కాదనీ అన్నారు. ఈ రోజు డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఉన్న తెలుగు ఇళ్లను చూస్తే ఆ అంచనా ఎంత తప్పిందో తెలుస్తుంది.

అయితే ఇలాంటి చోటికి చేతులూపుకుంటూ వెళ్లి, అద్దాల వెనక వస్తువులు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తే దక్కేది తక్కువ. కొంచెం సిద్ధపడి వెళ్తే అక్కడి కాగితాలతో, గొంతులతో వాదనకు దిగవచ్చు. ఆ సిద్ధపాటు ఎలాగో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: ఒక ప్రశ్న ఎంచుకోండి

అయిదేళ్ల పాలనను ఒక పూటలో చూడటం ఎవరివల్లా కాదు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం, వృద్ధుల వైద్యబీమా మెడికేర్, వలస చట్టం, వియత్నాం యుద్ధం, అన్నీ ఆ అయిదేళ్లలోనివే. అన్నింటినీ చూడబోతే ఏదీ గుర్తుండదు. ఇంటి దగ్గరే ఒక ప్రశ్న అనుకుని వెళ్లండి.

ఉదాహరణకు: వలస చట్టాన్ని కాంగ్రెస్‌లో ఎలా గట్టెక్కించారు? పౌరహక్కులకోసం అంత పట్టుపట్టిన మనిషి వియత్నాంలో అంత లోతుకు ఎందుకు దిగాడు? ఇండియాకు గోధుమలు పంపడంలో నెలనెలా ఎందుకు బిగపట్టాడు? ఈ మూడోది మన పెద్దవాళ్లకు బాగా దగ్గరి ప్రశ్న. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ప్రశ్న ఖాయమయ్యాక ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చోండి. డిస్కవర్ ఎల్‌బీజే (జాన్సన్ పేరులోని పొడి అక్షరాలు) అనే పేరుతో లైబ్రరీవారి వెబ్‌సైట్ ఉంది. అందులో జాన్సన్ దినచర్య డైరీ దొరుకుతుంది. ఎన్ని గంటలకు లేచారు, ఎవరికి ఫోన్ చేశారు, ఎవరితో భోజనం చేశారు అన్నది సిబ్బంది రోజూ టైపు చేసి ఉంచిన పత్రమది. 1966 మార్చి 28 తేదీ తెరవండి. ఇందిరాగాంధీ ప్రధాని అయ్యాక తొలిసారి వాషింగ్టన్ వెళ్లిన సందర్భం. ఒక గంటసేపు ఇలాంటి పేజీలు తిరగేసి వెళ్తే మ్యూజియంలో ప్రతి గోడా మీతో మాట్లాడుతుంది.

రెండో అడుగు: రోజు, వేళ చూసుకోండి

థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, జనవరి 1 తప్ప మిగతా రోజుల్లో మ్యూజియం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. వృద్ధులకూ విద్యార్థులకూ రాయితీలు ఉంటాయి. జాతీయ సెలవు దినాల్లోనూ, జాన్సన్ పుట్టినరోజైన ఆగస్టు 27న కూడా క్యాలెండర్ ప్రత్యేకంగా చూడండి. ఇలాంటి రోజుల్లోనే ఉచిత ప్రవేశాలూ ప్రత్యేక కార్యక్రమాలూ పెడుతుంటారు.

ఈ భవనం టెక్సాస్ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తూర్పు వైపున ఉంది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కట్టిన మొట్టమొదటి ప్రెసిడెన్షియల్ లైబ్రరీ ఇదే. దీనితో ఒక చిక్కు కూడా ఉంది. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ స్టేడియం అక్కడికి కూతవేటు దూరంలో ఉంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా శనివారాల్లో సొంతగడ్డ మీద మ్యాచ్ ఉందంటే ఆ దారులన్నీ కిక్కిరిసిపోతాయి, కారు నిలిపే చోటు దొరకదు. ముందే మ్యాచ్‌ల పట్టిక చూసుకుని ఆ శనివారాలు తప్పించండి.

పెద్దవాళ్లు వెంట ఉంటే ఉదయం తెరిచేవేళకే చేరుకోండి. లోపల లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ బల్ల దగ్గర అడగండి. కారు దిగినచోటినుంచి తలుపు దాకా ఎండలో కొంత నడవాల్సి ఉంటుంది. టెక్సాస్ వేసవి మన రాయలసీమ వేసవికి ఏమాత్రం తీసిపోదు, మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

మూడో అడుగు: లోపల ముందు చెవులకు పని చెప్పండి

ప్రదర్శన 1963 నవంబర్ 22తో వేగం అందుకుంటుంది. డాలస్‌లో కెనెడీ హత్య, విమానంలోనే జాన్సన్ ప్రమాణ స్వీకారం. ఆ భాగం తెలిసిన కథే కాబట్టి నెమ్మదిగా నడుస్తూ చూసేయండి. ఆగాల్సిన చోటు ఫోన్లున్న చోటు.

జాన్సన్ తన ఫోన్ సంభాషణలను రికార్డు చేయించేవారు. మొత్తం 640 గంటలకు పైగా ఉన్నాయి. తాను చనిపోయాక 50 ఏళ్లపాటు వాటిని తెరవవద్దన్నది ఆయన కోరిక. ఆయన 1973 జనవరిలో మరణించారు. ఆ లెక్కన 2023 దాకా మూసి ఉంచాలి. టేపులు పాడైపోతాయనీ, చరిత్రకు ఇవి అవసరమనీ భావించి లైబ్రరీవారు 1990ల ఆరంభం నుంచే విడతలవారీగా విడుదల చేశారు. నా దృష్టిలో ఈ సంస్థ చేసిన అన్ని పనుల్లోకీ గొప్పది ఇదే.

మ్యూజియంలో రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుంటే ఆ సంభాషణలు వినవచ్చు. సెనేటర్లను బుజ్జగించడం, బెదిరించడం, పొగడటం, అప్పటికప్పుడు లెక్కలు కట్టడం అన్నీ వినిపిస్తాయి. చట్టం ఎలా పుడుతుందో పాఠ్యపుస్తకం చెప్పలేనిది ఇక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆ దక్షిణాది యాస మొదట్లో మనవాళ్లకు పట్టుబడదు. రాతప్రతి పక్కన ఉంటే చూస్తూ వినండి. వర్జీనియా విశ్వవిద్యాలయంలోని మిల్లర్ సెంటర్ చాలా సంభాషణలకు రాతప్రతులు ఆన్‌లైన్‌లో పెట్టింది. ముందురోజు రెండు చదువుకుని వెళ్తే చెవి సులువుగా అలవాటుపడుతుంది.

మూడింటిలో వియత్నాం ప్రశ్నను ఎంచుకున్నవారు 1964 మే 27 నాటి సంభాషణలు తప్పక వినాలి, మ్యూజియంలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లోనైనా. ఆ రోజు జాన్సన్ తన భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో, ఆ యుద్ధం చేయదగ్గది కాదనీ, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదనీ అంటారు. అప్పటికి అక్కడ అమెరికా భూసేనలు పోరులోకి దిగనేలేదు. దిగింది మరుసటి ఏడాది. తెలిసి తెలిసి ఊబిలోకి నడిచిన మనిషి గొంతు అది. పిల్లలకైతే 1964 ఆగస్టులో ఒక దుస్తుల కంపెనీ యజమానికి ఫోన్ చేసి, ప్యాంట్లు ఎక్కడ వదులు కావాలో, జేబులు ఎంత లోతుండాలో అధ్యక్షుడు వివరంగా చెప్పే సంభాషణ వినిపించండి. కొన్ని మాటలు మోటుగా ఉంటాయి, ముందు మీరు విని నిర్ణయించుకోండి.

నాలుగో అడుగు: ఎర్ర పెట్టెలు, పదో అంతస్తు

నాలుగో అంతస్తులోని పెద్ద హాలులో నిలబడి తలెత్తితే అద్దాల వెనక నాలుగు అంతస్తుల ఎత్తున వరుసలు తీరిన ఎర్ర పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కో పెట్టె మీదా బంగారు రంగు ముద్ర. అలంకారంకోసం పెట్టినవి కావవి, లోపల అసలు కాగితాలే. ఈ లైబ్రరీలో ఉన్నవి నాలుగున్నర కోట్ల పేజీలు. గార్డన్ బన్‌షాఫ్ట్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన ఈ పది అంతస్తుల భవనాన్ని 1971 మే 22న ప్రారంభించారు. ప్రభుత్వ కాగితం ప్రజల ఆస్తి అన్న మాటను మీ పిల్లలకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

పదో అంతస్తులో జాన్సన్ కాలపు ఓవల్ ఆఫీసు, అంటే వైట్‌హౌస్‌లోని అధ్యక్షుడి గది, నమూనా ఉంది, అసలుదానిలో ఎనిమిదింట ఏడొంతుల కొలతతో. అందులో పక్కపక్కనే మూడు టీవీలు గమనించండి. మూడు చానళ్ల వార్తలూ ఒకేసారి చూసే అలవాటు ఆయనది. ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు.

అయిదో అడుగు: గోడ మీద రాసినదాన్ని ప్రశ్నించండి

ఈ లైబ్రరీల అమరిక తెలిస్తేనే ప్రదర్శనను సరిగ్గా చదవగలుగుతాం. భవనం, కాగితాలు, వాటిని చూసుకునే ఆర్కైవిస్టులు ప్రభుత్వానివి. ప్రదర్శనలకూ సభలకూ చాలామటుకు డబ్బు పెట్టేది ఆ అధ్యక్షుడి పేరిట ఉన్న ప్రైవేటు ఫౌండేషన్. దానిలో ఉండేవారు సహజంగానే ఆయన అభిమానులు, సన్నిహితులు. అందువల్ల ఏది పెద్ద అక్షరాల్లో ఉంది, ఏది మూలకు పోయింది అన్నది గమనించాల్సిన విషయం. కాలిఫోర్నియాలోని నిక్సన్ లైబ్రరీ దీనికి మంచి ఉదాహరణ. అది ప్రైవేటు చేతుల్లో ఉన్నంతకాలం వాటర్‌గేట్ కుంభకోణాన్ని నిక్సన్ వైపునుంచే చెప్పింది. 2007లో నేషనల్ ఆర్కైవ్స్ చేతికి వచ్చాక, ఫౌండేషన్ నుంచి ప్రతిఘటన వచ్చినా, 2011లో ఆధారాలతో కూడిన కొత్త ప్రదర్శన తెరిచారు.

ఇక గోధుమల సంగతి. అమెరికా మిగులు ధాన్యాన్ని రూపాయల్లో చెల్లింపుకు అమ్మే ఏర్పాటు 1954 నాటి పబ్లిక్ లా 480. పి.ఎల్. 480 గోధుమలు అంటే మన పెద్దవాళ్లకు వెంటనే తెలుస్తుంది. 1965లోనూ 1966లోనూ వరసగా వానలు మొహం చాటేశాయి. ఓడ రేవుకు చేరితేనే రేషను దుకాణానికి సరుకు అన్నంత దుస్థితి వచ్చింది. ఆ సమయంలో జాన్సన్ దీర్ఘకాల ఒప్పందం చేసుకోకుండా, ఎంత ధాన్యం ఎప్పుడు కదలాలో తానే స్వయంగా, కొద్దికొద్దిగా అనుమతిస్తూ వచ్చారు. ఇండియా వ్యవసాయంమీద పెట్టుబడి పెంచాలన్నది ఆయన చెప్పిన కారణం. వియత్నాంపై ఇండియా విమర్శలు ఆయనకు కోపం తెప్పించాయన్నదీ నిజమే. అదే కాలంలో మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం కొత్త గోధుమ వంగడాలవైపు దేశాన్ని నడిపిస్తున్నారు. 1965 నవంబర్‌లో ఆయన అమెరికా వ్యవసాయ కార్యదర్శి ఆర్విల్ ఫ్రీమన్‌తో రోమ్‌లో కుదుర్చుకున్న అవగాహన ఈ కథలో కీలకం.

ఇంత పెద్ద విషయానికి ప్రదర్శనలో ఎంత చోటిచ్చారో మీ కళ్లతో మీరే కొలవండి. 1966లో పదేళ్లవాళ్లు ఇప్పుడు డెబ్బై ఏళ్లవాళ్లు. మీ నాన్నగారో అత్తగారో వెంట ఉంటే, రేషను గోధుమలతో ఇంట్లో ఏం వండేవారో, అన్నం తినే ఇళ్లలో దాన్ని ఎలా సరిపెట్టుకున్నారో అక్కడే అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. లోపలున్న కాగితాలకు అది రెండో పక్క.

గైడులతో మాట్లాడటానికి మొహమాటపడకండి. చాలామంది స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవారు, జాన్సన్ కాలాన్ని చూసినవారూ ఉంటారు. అడిగితే ఓపికగా చెబుతారు.

ఆరో అడుగు: సాయంత్రపు సభకు చోటు సంపాదించండి

మ్యూజియం ఒకసారి చూస్తే సరిపోతుంది, సభలకు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లాలి. లైబ్రరీకి ఆనుకుని దాదాపు వెయ్యి మంది పట్టే ఆడిటోరియం ఉంది. చరిత్రకారులు, పాత్రికేయులు, మాజీ మంత్రులు, అప్పటి ఉద్యమకారులు వచ్చి మాట్లాడతారు. 2014 ఏప్రిల్‌లో పౌరహక్కుల చట్టానికి 50 ఏళ్లయిన సందర్భంగా జరిపిన సదస్సుకు కార్టర్, క్లింటన్, చిన్న బుష్, ఒబామా నలుగురూ వచ్చారు. 2016 ఏప్రిల్‌లో వియత్నాం యుద్ధం మీద జరిపిన సదస్సులో హెన్రీ కిసింజర్ మాట్లాడారు. జాన్సన్ పేరిట ఉన్న లైబ్రరీలోనే జాన్సన్ అతిపెద్ద వైఫల్యం మీద మూడు రోజులు చర్చ జరగడం చిన్న విషయం కాదు.

ప్రవేశం ఎలా? లైబ్రరీ మిత్రుల సంఘంలో వార్షిక సభ్యత్వం తీసుకున్నవారికి చాలా సభల్లో ముందు చోటు. ఆస్టిన్‌లో నివసించేవారికి ఈ సభ్యత్వం బాగా గిట్టుబాటు అవుతుంది. ఇతర ప్రెసిడెన్షియల్ లైబ్రరీలలో కూడా అది చెల్లుతుందేమో చేరేటప్పుడు అడగండి, ఇలాంటి ఒప్పందాలు వీటి మధ్య మామూలే. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదివే మన పిల్లలైతే విద్యార్థులకు ప్రత్యేక ప్రవేశం ఉందా అని ప్రతి సభకూ విడిగా చూసుకోవాలి. ఈమెయిల్ వార్తాపత్రికకు పేరు నమోదు చేసుకుంటే ప్రకటన వచ్చిన రోజే తెలుస్తుంది. పేరున్న వక్త అయితే సీట్లు త్వరగా నిండిపోతాయి.

సభకు వెళ్లేముందు ఆ వక్త పాత ఉపన్యాసం ఒకటి చూడండి. లైబ్రరీవారు చాలా సభల వీడియోలు యూట్యూబ్‌లో పెట్టారు. ప్రశ్నల వేళ మైకు మీ దగ్గరికి వస్తే అరనిమిషంలో ముగించండి. ముందుమాట వద్దు, పొగడ్త వద్దు, రెండు ప్రశ్నలు కలిపి అడగవద్దు. కాగితం మీద రాసుకుని చదవడంలో తప్పేమీ లేదు. "1966లో ఇండియాకు ధాన్యం పంపడంలో జాప్యం గురించి ఆయన సలహాదారులు ఏమనుకున్నారు?" ఇంతే చాలు. మన ఉచ్చారణ గురించి వెనుకాడనక్కర్లేదు. అలాంటి ప్రశ్న ఆ హాలులో వేరెవరికీ తట్టకపోవచ్చు.

ఏడో అడుగు: బడి పిల్లలుంటే

అయిదో తరగతిలోపు పిల్లలకు ఒక్క చట్టం చాలు. బిల్లులపై సంతకాలకు జాన్సన్ ఒకే పెన్ను వాడేవారు కాదు, డజన్లకొద్దీ వాడి, తోడ్పడినవారికి పంచేవారు. అలాంటి పెన్ను ఒకటి వెతకమనండి. హైస్కూలు పిల్లలు నేషనల్ హిస్టరీ డే పోటీకి సిద్ధమవుతుంటే ఈ లైబ్రరీ నిధి. ప్రాథమిక ఆధారాలకు అక్కడ మంచి మార్కులుంటాయి. అధ్యక్షుడి సొంత గొంతుకన్నా ప్రాథమికమైన ఆధారం ఏముంటుంది?

ఎనిమిదో అడుగు: చదువు గదిలోకి వెళ్లండి

ఇక్కడికి వచ్చేది ప్రొఫెసర్లే అనుకుని చాలామంది ఈ తలుపు తట్టరు. పదో అంతస్తులోని పరిశోధకుల గదికి డిగ్రీలు అవసరం లేదు, రుసుమూ లేదు. రెండు మూడు వారాల ముందు మీ అంశం చెప్పి ఆర్కైవిస్టుకు ఈమెయిల్ రాయండి. ఏ పెట్టెల్లో ఏముందో వాళ్లే చెబుతారు, కొన్నిసార్లు మీరు ఊహించని ఫైళ్లు కూడా సూచిస్తారు. ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపితే పరిశోధకుడి కార్డు ఇస్తారు. ఇండియా నుంచి వచ్చినవారు పాస్‌పోర్టు తీసుకెళ్లండి. లోపలికి పెన్ను పనికిరాదు, పెన్సిల్ మాత్రమే. ఒక ఫోల్డరు తీసి చదివి, వరుస చెదరకుండా పెట్టాకే ఇంకొకటి తీయాలి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. ఇండియా మీద పనిచేసేవారు మొదట అడగాల్సినవి జాతీయ భద్రతా ఫైళ్లలోని ఇండియా దేశపు ఫైళ్లు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి పరిశోధన చేసేవారికి కూడా దారి ఉంది. 1964 నుంచి 1968 వరకు దక్షిణాసియాపై అమెరికా విదేశాంగ శాఖ పత్రాల సంపుటం, ఆ వరుసలో 25వది, ఆ శాఖ చరిత్రకారుల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ముందు అది చదివి, అందులో లేని కాగితంకోసమే లైబ్రరీకి రాయండి. రాకపోకల ఖర్చులకు ఫౌండేషన్ పరిశోధన గ్రాంటులు ఇస్తుంది, గడువు తేదీలు గమనించండి.

రెండో రోజు ఉంటే

ఆస్టిన్‌కు పశ్చిమంగా గంటకు పైగా కారులో వెళ్తే స్టోన్‌వాల్ దగ్గర జాన్సన్ పశువుల క్షేత్రం వస్తుంది. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ అధీనంలో ఉంది. పక్కనున్న రాష్ట్ర పార్కు సందర్శకుల కేంద్రంలో ఉచిత పర్మిట్ తీసుకుని సొంత కారులోనే క్షేత్రమంతా తిరగవచ్చు. ఆయన, భార్య లేడీ బర్డ్ సమాధులు అక్కడి కుటుంబ శ్మశానంలో ఉన్నాయి. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో వెళ్తే దారి పొడవునా నీలిరంగు బ్లూబానెట్ పూలు. దారిలో ఆయన చిన్నతనంలో వెళ్లిన ఒంటిగది బడి దగ్గర కారు ఆపండి. పేద పిల్లల బడులకు కేంద్ర నిధులిచ్చే విద్యా చట్టంపై 1965 ఏప్రిల్ 11న ఆయన సంతకం చేసింది ఆ బడి దగ్గరే, తన మొదటి టీచరును పక్కన కూర్చోబెట్టుకుని. పర్మిట్ ఇచ్చే వేళలు సీజన్‌ను బట్టి మారతాయి కాబట్టి ఉదయమే బయలుదేరండి.